తొమ్మిది కత్తెర కోతలు

శుక్రవారం పొద్దున్నే మా హాలులో కత్తెర చప్పుడైంది. బట్ట కోసే కత్తెర కాదు, కాగితం కోసేదీ కాదు. బీడీలు చుట్టడానికి రాత్రంతా నీళ్లలో నానబెట్టిన తునికాకును కోసే కత్తెర. ఎండాకును కోస్తే గరగరమంటుంది. నానిన ఆకు మెత్తగా, తడిగా, కిచ్ కిచ్‌మని తెగుతుంది. నేనున్నది రియాద్‌లో, మూడో అంతస్తు ఫ్లాటులో. ఇక్కడ తునికాకు ఎవరికీ తెలియదు. ఆ కత్తెర కదిలింది ముప్పై ఏళ్ల కిందట, కోరుట్ల దగ్గర ఒక పల్లెలో, ఒక ఇంటి అరుగు మీద. ఇప్పుడది మా టీవీ బల్లకు రెండు పక్కలా నిలబెట్టిన స్పీకర్లలోంచి వస్తోంది. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. ఆ చప్పుడు ఎప్పుడు విన్నా నాకు లింగన్న గుర్తొస్తాడు. గుర్తు రావడమేమిటి, వచ్చి పక్కన కూర్చుంటాడు.

సంగతేమిటంటే, వారం రోజులుగా మా ఇంట్లో రెండు స్ట్రీమర్లున్నాయి. స్ట్రీమర్ అంటే తెలియనివాళ్లకు చెప్తాను: ఇంటర్నెట్‌లోంచో, మన దగ్గర దాచుకున్న ఫైళ్లలోంచో పాటను తీసుకుని ఆంప్లిఫయరుకు అందించే పెట్టె. ఒకప్పుడు క్యాసెట్ డెక్కు చేసిన పనే ఇప్పుడిది చేస్తుంది. నా పాతది ఎనిమిదేళ్లు పనిచేసి ముసలిదైపోయింది. పాట మధ్యలో ఆగి ఆలోచిస్తోంది. నాకు తెలిసిన షాపతను రెండు కొత్తవి ఇచ్చి, "ఇంట్లో విని చూసుకో, శనివారానికి ఒకటి వాపసు తే" అన్నాడు. వారం గడిచింది. నేను తేల్చుకోలేదు. సౌండ్ సిస్టమ్‌లు బిగించడమే నా వృత్తి. ఊళ్లో ఎవరి ఇంటికి ఏ పెట్టె కావాలో చిటికెలో చెప్తాను. నా ఇంటికి వచ్చేసరికి మాత్రం కుడితిలో పడ్డ ఎలుకనైపోయాను. మా ఆవిడ సునీత వారమంతా చూసి చూసి, "గా డబ్బ మారితె పాట మారుతదా? ఏది నల్లగుంటె గది ఉంచుకోన్రి. మురికి కనవడది" అని తీర్పు చెప్పేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి లింగన్న పద్ధతే దిక్కనుకుని, అల్మారాలోంచి ఆయన ఇచ్చిన ఎర్ర గళ్ల గుత్రా తీశాను. గుత్రా అంటే సౌదీ మగవాళ్లు తలమీద వేసుకునే గుడ్డ. ఏ వైరు దేనిదో నాకే తెలియకుండా కలిపేసి, రెండు పెట్టెల మీదా దాన్ని కప్పాను. ఆ పద్ధతి ఏమిటో చెప్పాలంటే మొదటి నుంచి రావాలి.

నేను నిర్మల్ నుంచి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతపట్టుకుని వచ్చినప్పుడు నా కంపెనీ సులైలో ఉండేది. రియాద్‌కు ఒక చివర, గోదాములూ వర్క్‌షాపులూ తప్ప ఇంకేమీ కనపడని చోటు. పెద్ద రేకుల షెడ్డు, అందులో చెక్కపెట్టెల నిండా స్పీకర్లు, మూలన కేబుల్ చుట్టిన చెక్క చక్రాన్ని బోర్లించి దానిమీద కూర్చున్న ఒక పొట్టి మనిషి. చెవి వెనక పెన్సిలు, కాళ్లకు హవాయి చెప్పులు. ఆయనే మా ఫోర్‌మన్ రాజలింగం. అందరికీ లింగన్న. అప్పటికే ఇరవై ఏళ్లు దేశం కాని దేశంలో గడిపినవాడు. ఇంగ్లీషు చదవడం రాదు గానీ అరబీలో అరబ్బులతోనే బేరాలాడేవాడు. నాలుగు వందల కిలోమీటర్ల అవతలి దమ్మామ్ నుంచి కూడా జనం ఫోన్ చేసి, "లింగా, ఒకసారి వచ్చి మా మజ్లిస్‌లో స్పీకర్లు విని పో" అని బతిమాలేవాళ్లు. మజ్లిస్ అంటే ఇంట్లో అతిథులను కూర్చోబెట్టే పెద్ద గది. లింగన్న చెవికి అంత పేరు.

ఆ రోజు రెండు ఆంప్లిఫయర్లు వచ్చాయి. వాటిలో ఏది ఉంచుకోవాలో తేల్చాలి. నేనేమో కొత్త మోజులో ఉన్నాను. వాటి కాగితాలు తీసుకుని వాట్లూ ఓమ్‌లూ గడగడా చదివి, ఇదే గొప్పదని తేల్చేశాను. లింగన్న ఓపికగా అంతా విన్నాడు.

"అయిందా డిప్లొమా?" అన్నాడు. ఆ క్షణం నుంచి నా పేరు అదే అయింది.

"అయిందన్నా."

"కాగితం సప్పుడు జేస్తదా?"

మిగతా ఇద్దరు మెకానిక్‌లు పళ్లికిలించారు. లింగన్న గుత్రా తీసి, ఏ కంపెనీ పెట్టెదో కనపడకుండా రెంటినీ కప్పేశాడు. చొక్కా జేబులోంచి ఒక క్యాసెట్టు తీశాడు. దానిమీద తెలుగులో వంకరటింకరగా "లక్ష్మి" అని రాసి ఉంది.

ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, ఆ క్యాసెట్టు నింపిన రోజుల్లో గల్ఫ్‌లో మనవాళ్లకు ఉత్తరాలంటే క్యాసెట్లే. ఫోన్ చేయాలంటే బూత్ ముందు వరస, మాట మొదలు పెట్టేలోపే పైసలు అయిపోయేవి. రాయడం రానివాళ్లే ఎక్కువ. అందుకని ఊరికి పోయేవాళ్ల చేతిలో మాటలు నింపిన క్యాసెట్టు పెట్టేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఇంటి క్యాసెట్టు తెచ్చేవాళ్లు. లింగన్న భార్య లక్ష్మమ్మ బీడీలు చుట్టేది. పక్కింటివాళ్ల టేప్‌రికార్డరు అడిగి తెచ్చుకుంది గానీ బీడీల పని ఆపడానికి కుదరదు. ఒళ్లో చాట, చాటలో ఆకు, చేతిలో కత్తెర, ఎదురుగా టేప్‌రికార్డరు. అలాగే మాట్లాడింది.

లింగన్న మీట నొక్కాడు. "ఇంటున్నవా? నువ్వు ఇంటున్నవో లేదో నాకెర్క గాదు, నేనైతే మాట్లాడుత. మన బర్రె ఈనింది. దూడ మంచిగున్నది..." అని ఒక ఆడగొంతు, ఎదురుగా కూర్చున్నట్టే వినపడింది. ఒక నిమిషం. "పిల్ల గూడ మంచిగున్నది" అనే మాట రాగానే లింగన్న బొటనవేలు టక్కున ఆపేసింది.

"ఇగ అటెన్కది నాదొక్కనిదే" అన్నాడు.

ఆ తర్వాత అడిగే ప్రశ్న అందరూ అడిగేది కాదు. బాగుందా, ఎట్లుంది అని అడగడు. "ఏమేం ఇనవడ్డయ్?" అంటాడు. ఇద్దరు మెకానిక్‌లూ వరసగా చెప్పారు: అమ్మ గొంతు, కోడి, సైకిలు గంట, కత్తెర. నా వంతు వచ్చింది. ఒట్టేసి చెప్తున్నాను, నాకు కత్తెర వినపడలేదు. కానీ డిప్లొమా చదివినవాణ్ణి, వెనకబడతానా? "గొంతు, కోడి, గంట, కత్తెర" అని అప్పజెప్పాను.

"కత్తెర ఎన్నిసార్లు కోసింది?"

"ఐదు."

"తొమ్మిది" అన్నాడు లింగన్న. నవ్వలేదు, తిట్టలేదు. "ఇనవడకపోతె ఇనవడలేదను బిడ్డా. చెవి ఇయ్యాల్ల గాకుంటె రేపు వస్తది. అబద్ధం మరిగిన చెవి మల్ల రాదు."

సిగ్గుతో నా తల షెడ్డు నేలలో పాతుకుపోయింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం తిండి తిన్నాక ఆయన పక్కన కూర్చుని ఆ ఒక్క నిమిషం వినేవాణ్ణి. ఇరవై రోజులు పట్టింది. ఒకరోజు లక్ష్మమ్మ గొంతు వెనక కిచ్‌మంది. నేను లేచి గంతేశాను. "అన్నా, కత్తెర!" అని అరిచాను. లింగన్న నాకంటే ఎక్కువ సంబరపడి, షెడ్డు బయట బండి మీద అమ్మే సమోసాలు తెప్పించి అందరికీ పంచాడు. అందులో అసలు మర్మం ఏమిటో అప్పుడు తెలిసింది. మంచి ఆంప్లిఫయరైతే గొంతునూ కత్తెరనూ విడివిడిగా చూపిస్తుంది. నాసిదైతే కత్తెరను గొంతులోకి కలిపేస్తుంది. లక్ష్మమ్మ బీడీ కత్తెర ఆయనకు తూనికరాయి.

కొన్నేళ్లకు క్యాసెట్లు పోయి, డిస్కులు పోయి, స్ట్రీమర్లు వచ్చాయి. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాల్సి వచ్చింది. మొదటి నిమిషం తర్వాత స్పీకరు ఆపేసి ఎక్కించాలన్న షరతుతో ఆ పని నాకు అప్పజెప్పాడు. నేను నా తెలివంతా ఉపయోగించి, ఒక ప్రోగ్రాముతో టేపు వెనక సుయ్‌మని వచ్చే సొద అంతా కడిగేసి, అద్దంలా చేసి ఇచ్చాను. మెచ్చుకుంటాడని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. లింగన్న విన్నాడు. మళ్లీ విన్నాడు. మొహం మాడిపోయింది.

"ఇల్లు ఊడ్వుమంటె ఇంట్లున్నోళ్లను గుడ ఊడ్చినవ్ గదరా!"

నిజమే. కోడి పోయింది, సైకిలు పోయింది, కత్తెర పోయింది. ఆ ప్రోగ్రాముకు అవన్నీ చెత్తే. లక్ష్మమ్మ ఒక్కతే ఏ ఊరో తెలియని చోట గోడల మధ్య మాట్లాడుతున్నట్టుంది. మళ్లీ ఏమీ ముట్టుకోకుండా, సొదతో సహా ఎక్కించి ఇచ్చాను. "ఉండనీ. దుమ్ము లేని ఇల్లుంటదా?" అన్నాడు, అప్పుడు మొహం విప్పారింది. ఆ తర్వాత నేను కస్టమరు ఇళ్లలో ఎన్ని సిస్టమ్‌లు బిగించానో గానీ, ఎక్కడా సొద కడిగే మీట నొక్కలేదు.

ఇక అసలు కథకు వస్తాను. మా పాత కస్టమర్లలో అబూ సాలెహ్ అనే పెద్దాయన ఉండేవాడు. ఒకప్పుడు బడి పంతులు. ఊద్ అనే అరబ్బీ తీగ వాద్యమంటే ప్రాణం. లింగన్న చెవి తప్ప ఇంకో చెవిని నమ్మేవాడు కాదు. ఆ గుత్రా కూడా ఆయన లింగన్నకు ఎప్పుడో బహుమతిగా ఇచ్చిందే. ఆయన తన మజ్లిస్‌లోకి మంచి స్ట్రీమర్ కావాలన్నాడు. తెప్పించాం. లింగన్న గుత్రా కప్పి విన్నాడు. "ఇండ్ల కత్తెర లేదు. తిప్పి పంపు" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. నాకు శుభ్రంగా వినపడింది. పెద్దవాడు, ఇంకేదో లోపం పట్టి ఉంటాడనుకున్నాను. రెండోది తెప్పించాం. "కత్తెర లేదు." మూడోది. "వీళ్లు పెట్టెలు జేసుడు మర్శిపోయిన్రు. కత్తెర లేదు." మా ముదీర్, అంటే మేనేజరు, గొణగడం మొదలెట్టాడు.

అదే వారం యార్డులో ఒక సంగతి జరిగింది. సామాను ఎత్తే బండి వెనక్కి వస్తూ పీక్ పీక్‌మని సన్నగా అరుస్తోంది. లింగన్న దాని దారిలోనే తాపీగా నడుస్తున్నాడు. నేను ఉరికి చొక్కా పట్టి పక్కకు లాగాను.

"ఏందిరా గుంజుతున్నవ్?"

"బండి అరుస్తుంటే వినపడలేదా అన్నా?"

ఆయన బండివైపు చూశాడు. నావైపు చూశాడు. "ఏదో సోంచాయించుకుంట పోతున్న" అని వెళ్లిపోయాడు. నాకు మాత్రం అంతా అర్థమైంది. కత్తెర లేనిది స్ట్రీమర్‌లో కాదు. వయసుతో ముందు పోయేవి సన్నటి చప్పుళ్లే. ఈ మాట ఎవరితో అనను? లింగన్న అంటేనే చెవి. చెవి పోయిందని తెలిస్తే, పాతికేళ్లకు పైగా ఆయన సంపాదించుకున్న పేరు ఆ షెడ్డులోనే మట్టిలో కలిసిపోతుంది. చెప్పకపోతే మంచి పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి పోతాయి, చివరకు అబూ సాలెహ్ ముందే ఆయన నవ్వులపాలవుతాడు. ఒకప్పుడు నా పరువు కోసం అబద్ధమాడినవాణ్ణి, ఇప్పుడు ఆయన పరువు కోసం ఆడదామని నిశ్చయించుకున్నాను.

ఈసారి రెండు స్ట్రీమర్లు తీసుకుని నేరుగా అబూ సాలెహ్ ఇంటికే వెళ్లాం. సాయంత్రం ఎండ మజ్లిస్ కిటికీల్లోంచి తివాచీల మీద పడుతోంది. గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, చిన్న కప్పుల్లో వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. పెద్దాయన దిండుకు ఆనుకుని, గుత్రా సర్దుకుని, "లింగా, నువ్వు ఏది చెప్తే అది" అన్నాడు. నేను పెట్టెల మీద మా గుత్రా కప్పి, మార్చే మీట దగ్గర కూర్చున్నాను. నా పన్నాగం ఏమిటంటే, మంచిది మోగేటప్పుడు దగ్గుతాను. లింగన్న అర్థం చేసుకోకపోయినా, ఆ దగ్గు ఆయనకు ఏదో ఒక ఆసరా ఇస్తుందని నా వెర్రి ఆశ.

మొదటిది మోగింది. లక్ష్మమ్మ బర్రె ఈనిన సంగతి చెప్పింది. రెండోది పెట్టాను. తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది. కత్తెర ఎదురుగా ఉన్నట్టుంది. నేను గట్టిగా దగ్గాను. ఇంకోసారి దగ్గాను.

లింగన్న నావైపు తిరిగాడు. మొహం నిండా నవ్వు. వైర్ల గురించి మాట్లాడుతున్నట్టే, తెలుగులో అన్నాడు: "డిప్లొమా, దగ్గు ఎప్పటిసంది?"

"ఏసీ పడలేదన్నా."

"నా కోసమే దగ్గుతున్నవా?"

అబూ సాలెహ్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. నేనూ నవ్వు మొహం పెట్టాను. ఆ నవ్వుల కింద లింగన్న మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"నాకు ఎర్కనేరా. నాలుగు నెలలయింది కత్తెర ఇనవడక. ముందుగాల డబ్బ తప్పనుకున్న. నువ్వు బండి కాన్నుంచి గుంజిన పొద్దు సమజైంది. నువ్వు చెవిటోని ముందల శంఖమూదుతున్నవ్. ఊదకు. అప్పుడు నువ్వు ఐదంటె నేనేమన్న? గిప్పుడు నన్ను ఐదనుమంటావ్?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గొడవలో మేమిద్దరం ఒక సంగతి మరిచిపోయాం. టేపు ఆపలేదు. "పిల్ల గూడ మంచిగున్నది" దాటిపోయింది. పాతికేళ్లకు పైగా ఎవరికీ వినిపించని అటెన్క భాగం, రియాద్ మజ్లిస్‌లో, ఖరీదైన స్పీకర్లలో, ఉరుములా మొదలైంది.

"...చెప్పులు పంపిన అంటివి గదా! రెండు ఎడమ కాలియే పంపినవ్! నాకు కుడికాలు లేదనుకున్నవా? కుప్పల కెల్లి ఏరేటప్పుడు కండ్లు యాడ వెట్టినవ్? ఊరంత నవ్వుతున్రు..."

లింగన్న బొటనవేలు గాలిలో మీట వెతికింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి చేతులు ఆడలేదు. చివరకు నేనే ఆపాను.

అబూ సాలెహ్ అరబీలో అడిగాడు: "ఆమె ఎందుకంత గట్టిగా మాట్లాడుతోంది?"

"మీకు సలాం చెప్తోంది" అన్నాడు లింగన్న.

"అవునా? మా ఆవిడ కూడా నాకు అచ్చం ఇలాగే సలాం చెప్తుంది" అన్నాడు ముసలాయన, ఖర్జూరం నోట్లో వేసుకుంటూ.

మజ్లిస్ నవ్వుతో నిండిపోయింది. ఆ నవ్వు తగ్గాక లింగన్న మోకాళ్ల మీద ముందుకు జరిగి, చేతులు జోడించి, అరబీలో నిదానంగా చెప్పేశాడు. "అబూ సాలెహ్, నా చెవికి సన్న చప్పుళ్లు వినపడడం లేదు. మీకోసం తెచ్చిన మూడు పెట్టెలు తప్పుగా తిప్పి పంపాను. ఈరోజు ఎంచేది నేను కాదు, ఈ అబ్బాయి. వీడి చెవి నిజం చెప్తుంది. మీకు సమ్మతం కాకపోతే పెట్టెలు తీసుకుని వెళ్లిపోతాం."

పెద్దాయన మెల్లగా తలమీది గుత్రా అంచులు రెండు పక్కలా పైకెత్తాడు. రెండు చెవుల్లోంచీ చిక్కుడు గింజల్లాంటి రెండు మిషన్లు తీసి ఖర్జూరాల పళ్లెం పక్కన పెట్టాడు.

"పదిహేనేళ్లు!" అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా. "ఇవి లేకుండా ఊద్ సన్న తీగ నాకు వినపడి పదిహేనేళ్లయింది! నా చెవులు బాగుంటే నీ చెవులతో నాకేం పని లింగా? నీకు తెలుసనుకున్నాను!"

ఎలా తెలుస్తుంది? ఎప్పుడు చూసినా గుత్రా చెవులు కప్పే ఉండేది. పెట్టెల పేర్లు కనపడకుండా మేం కప్పినట్టే, ఆయన తన చెవులు కప్పుకున్నాడు. లింగన్న నోరు తెరిచి ఆ మిషన్లను చూశాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. పెద్దాయనకు ఆ నవ్వు వినపడలేదు గానీ, చూసి ఆయనా నవ్వాడు. రెండో స్ట్రీమరే ఆ ఇంట్లో ఉండిపోయింది.

మర్నాడే అబూ సాలెహ్ కారు మా షెడ్డు ముందు ఆగింది. లింగన్నను తన చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వారానికి చెవుల్లో మిషన్లతో తిరిగొచ్చిన లింగన్న గుమ్మంలోనే చెవులు మూసుకున్నాడు. "ఓరి దేవుడా! ఇంత లొల్లిల బతుకుతున్రా మీరు?" అన్నాడు. నేరుగా కేబుల్ చక్రం మీద కూర్చుని, టేపు పెట్టమన్నాడు. ఒక్కొక్క వేలూ ముడుస్తూ విన్నాడు. తొమ్మిదో వేలు ముడిచాక చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుని, ముదీర్ గదిలోకి వెళ్లి, వెనక్కి పంపిన మూడు పెట్టెలవాళ్లకూ ఫోన్ చేయించి, "మీ పెట్టె మంచిదే, నా చెవిదే తప్పు" అని ఆయనే చెప్పాడు. అలా చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు. ఎవరూ అడగలేదు. పేరు పోతుందని నేను వారాల తరబడి వణికిపోయాను. పోలేదు సరికదా, ఆ మూడు కంపెనీలవాళ్లూ ఆ తర్వాత కొత్త పెట్టె ఏదొచ్చినా ముందు మాకే పంపేవారు, లింగన్న మాట తెలుసుకుందామని. "చెవి డిప్లొమాది, మాట నాది" అనేవాడు ఆయన అందరితో.

ఇంకో రెండేళ్లు పనిచేసి, ఖురూజ్ తీసుకుని, అంటే ఇకామా అనే నివాస కార్డు అప్పజెప్పి మళ్లీ రాకుండా, ఊరికి వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో క్యాసెట్టు తన జేబులో పెట్టుకుని, గుత్రా నా భుజాన వేశాడు. "ఫైలు నీ దగ్గరుంది గదా. చెప్పుల ముచ్చట మాత్రం ఎవ్వనికి ఇనిపియ్యకు" అన్నాడు. ఆ మాట నేను ఈరోజు తప్పాను. లక్ష్మమ్మే క్షమించాలి.

మళ్లీ మా హాలుకు వస్తాను. గుత్రా కప్పాను, టేపు ఫైలు పెట్టాను, రెండింటిలోనూ కత్తెర తొమ్మిదిసార్లూ వినపడింది. అదే నా తిప్పలు. తేడా తెలియడం లేదు. సునీతను వంటింట్లోంచి పిలిచి సోఫాలో కూర్చోబెట్టాను. చేతికి పిండి అంటుకునే ఉంది. మొదటిది వినిపించి, "ఏమేం వినపడ్డాయి?" అన్నాను.

"అమ్మ మాట్లాడుతుంది. కోడి. సైకిల్ గంట. కత్తెర."

రెండోది వినిపించాను.

"గవ్వే" అంది. లేవబోయి ఆగింది. "గాజులు."

"ఏం గాజులు?"

"కత్తెర ఆపినప్పుడల్లా గాజులు మోగుతున్నయ్. ఆకు కింద పెట్టేటప్పుడు. మొదటిదాంట్ల లేవు."

మళ్లీ పెట్టాను. స్పీకరుకు చెవి ఆనించి విన్నాను. ఇంకోసారి విన్నాను. కత్తెర ఉంది, సొద ఉంది, కోడి ఉంది. గాజులు లేవు. ఆ ఒక్క నిమిషాన్ని నేను వేలసార్లు విన్నవాణ్ణి. సౌండ్ పనిలో పదిహేనేళ్లు దాటినవాణ్ణి. సునీతకేమో ఏ డబ్బ నల్లగా ఉందన్నదే ముఖ్యం. "ఆ ఆ, గాజులు, నాకూ వినపడ్డాయి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా ఆ మాట మీదే లింగన్న బొటనవేలు పడింది. ఎన్నేళ్లయినా ఆ వేలు నన్ను వదలదు.

"నాకు వినపడలేదు సునీతా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. "గోడలకు రంధ్రాలు కొట్టీ కొట్టీ చెవుల్లకు గుడ కొట్టుకున్నరు. రేపు డాక్టరు దగ్గరికి పోదం నడువున్రి" అంది. అని నా పక్కనే కూర్చుంది, పిండి చేతులతోనే.

లింగన్నకు వీడియో కాల్ చేశాను. అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు లేదు, మిషన్ ఉంది. పక్కన లక్ష్మమ్మ చింతపండు గింజలు తీస్తోంది. సంగతంతా చెప్పాను.

"గాజులా? పోరా!" అన్నాడు లింగన్న. "నా చెవి మంచిగున్నప్పుడు గుడ గాజులు లేవు అండ్ల. ఏమే లక్ష్మీ, గా క్యాసెట్ నింపినప్పుడు గాజులేసుకున్నవా?"

లక్ష్మమ్మ తల ఎత్తకుండానే చెప్పింది: "ఏసుకోనా మరి? ఆ పొద్దే ఏయించుకున్న, ఆకుపచ్చయి, డజను. అంత దూరం నీతోని మాట్లాడవోతున్న గదా, ఉత్త చేతులతోని మాట్లాడుతరా?"

ఫోన్ తెరలో లింగన్న మొహం కాసేపు పక్కకు తిరిగి ఉంది. ఎవరు చూస్తారని వేసుకున్నట్టు ఆ గాజులు? అది టేపు. వినడానికే తప్ప చూడడానికి లేదు. అయినా ఆమె కొత్త గాజులు వేయించుకుని కూర్చుంది. అవి ఆయనకు చేరడానికి ముప్పై ఏళ్లూ, ఈ పెట్టే కావలసి వచ్చాయి.

"ఆ డబ్బ పేరేందిరా?" అన్నాడు చివరికి.

"తెలియదన్నా. గుత్రా ఇంకా తియ్యలేదు."

"తియ్యకు. గదే ఉంచుకో. ఇంకోపారి పెట్టు. ఫోన్ల నాకు ఇనవడకపోవచ్చు. సునీతను లెక్కవెట్టుమను, ఎన్నిసార్లు మోగినయో."

ఫోను స్పీకరుకు దగ్గరగా పెట్టి ఫైలు మొదలుపెట్టాను. అవతల లింగన్న మిషన్ ఉన్న చెవిని ఫోనుకు ఆనించాడు. లక్ష్మమ్మ చింతపండు పక్కన పెట్టింది. సునీత కళ్లు మూసుకుని పిండి వేళ్లు ఒక్కొక్కటీ ముడుస్తోంది. నేను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. నాకు వినపడని చప్పుడును అంత సంతోషంగా నేనెప్పుడూ వినలేదు. కత్తెర మాత్రం ఎప్పటిలాగే తొమ్మిదిసార్లు. గాజుల లెక్క మీకు కావాలంటే సునీతను అడగాలి.